నకిరేకల్లు సీమలో సేనానాయికల జాడ

హైదరాబాదునుండి విజయవాడకు బోవు జాతీయ రహదారిపై తూర్పుగా సాగినచో చౌటుప్పలు, చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూరు దాటినపిమ్మట నకిరేకల్లు వచ్చును. నల్లగొండ జిల్లాలోని యీ పట్టణము బస్సుకిటికీలోనుండి చూచువారికి కొన్ని దుకాణములు, కొంత జనసమ్మర్దము మాత్రమే. దిగి నాలుగడుగులు నడచినవారికి వేఱురూపమున గానవచ్చును. చుట్టును నిమ్మతోటలు, చెఱువుల క్రింద వరిమళ్లు, ఎఱ్ఱనేలలలో పత్తిచేలు, గట్లవెంబడి తాటిచెట్లు, వీనినడుమ నెవరో దొంతరలుగా బేర్చి మఱచిపోయినట్లు పెద్దపెద్ద రాతిగుండ్లు. నీరు తక్కువయు రాయి యెక్కువయు నైన నేల యిది. తలపై గడ్డిమోపు, చేత కొడవలి గలిగి గట్టువెంట వరుసగా నడచిపోవు స్త్రీలను జూచినప్పుడు, వీరికి ఓర్పునుగూర్చి యెవ్వరును పాఠము చెప్పనక్కఱలేదని తోచును.

మే మీ సీమకు దేవతాదర్శనమునకో చుట్టపుచూపునకో రాలేదు. ఇంటిలో బుట్టిన యొక తగవు మమ్మిచ్చటికి దెచ్చినది. మా చెల్లెలి కూతురు ఇంటరు ముగించి డిగ్రీ కళాశాలలో జేరుచున్నది. ఈ కాలపు డిగ్రీ చదువులో ముఖ్యశాస్త్రములతోపాటు విద్యార్థి తనకు నచ్చిన మఱియొక విషయమును ఉపపాఠ్యముగా నెన్నుకొనవచ్చును. మా బాలిక వృక్షశాస్త్రమును రసాయనశాస్త్రమును ముఖ్యముగా గైకొని, ఉపపాఠ్యముగా ఎన్.సి.సి.ని, అనగా జాతీయ విద్యార్థి సైనిక దళపు చదువును గోరినది. పాఠశాలలో నున్నప్పుడే ఆ దళమున రెండేండ్లు శిక్షణపొంది ‘ఏ’ ధ్రువపత్రమును సంపాదించినది గావున ఆమెకు దాని రుచి తెలియును.

మా చెల్లెలికి మాత్రమది రుచింపలేదు. “సంగీతమో కంప్యూటరో నేర్చుకొమ్మనక దీనిని తుపాకి పట్టుకొమ్మందువా అక్కా? ఎండలో మాడి, కేకలువేయుట నేర్చి, రేపు అత్తవారింట నెవరికి ఆజ్ఞలిచ్చును? సేనను నడుపుట మగవారి విద్య. మనవైపు ఆడువా రెవరైన నేర్చిరా?” అని యడిగెను.

ఈ ప్రశ్నకు మాటలతో బదులు చెప్పుటకంటె ఒక చోటు చూపుట మేలని మాకు దోచెను. ఆ చోటు నకిరేకల్లు మండలములోని చందుపట్ల గ్రామము. అందుచే తల్లిని, కూతురిని వెంటబెట్టుకొని ఒకనాటి ప్రొద్దుననే బయలుదేరి, నకిరేకల్లున బస్సు దిగి, ఆటో మాట్లాడుకొని చందుపట్లకు బోయితిమి.

చందుపట్ల చిన్న పల్లె. అచ్చట కోటగాని రాజభవనముగాని లేదు. ఉన్నది ఒక రాతిశాసనము. అది 1289వ సంవత్సరము నవంబరు మాసమునాటిది, తెలుగు వ్రాత. కాకతీయ రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమునకు బోయిరనియు, వారికి పుణ్యము గలుగుటకై పువ్వుల ముమ్మడి యను బంటు దేవునికి భూమిని దానము చేసెననియు ఆ శాసనము చెప్పుచున్నది. శాసనపరిశోధకులగు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు దీనిని వెలువరించువఱకు, రుద్రమదేవి 1295 ప్రాంతమువఱకు జీవించియుండెనని చరిత్రకారులు తలచుచుండిరి. ఓరుగల్లు నేలిన మహారాణి కడపటి దినములనుగూర్చి ఓరుగల్లు చెప్పజాలని మాటను ఈ పల్లెటూరి రాయి చెప్పినది.

ఆమె యెట్లు మరణించినదో శాసనము వివరింపదు. కాని రాణియు సేనానియు ఒక్కసారిగా గతించినట్లు చెప్పుటచేతను, ఆ కాలముననే కాయస్థ అంబదేవుడు తిరుగబాటుచేసి స్వతంత్రించి యుండుటచేతను, ఆమె యుద్ధరంగముననే మరణించియుండునని చరిత్రకారులు ఊహించుచున్నారు. ఆమె 1262 ప్రాంతమున రాజ్యభారము వహించినది. అనగా అప్పటికి పాలన కారంభించి యించుమించు ఇరువదియేడేండ్లు గడచినవి. అంతటి పెద్దవయసున అంతఃపురమున విశ్రమింపక సేనతో గదలిన స్త్రీని దలచుకొన్నప్పుడు, సేనానాయకత్వము పడుచుదనపు ఉద్రేకముకంటె వేఱైనదని తెలియును.

మేము రాయి చూచుచుండగా ఊరి వృద్ధురా లొకతె కఱ్ఱపట్టుకొని దగ్గఱకు వచ్చెను. “ఎవలింటికి వచ్చిండ్రు బిడ్డా?” అని యడిగెను. ఎవరింటికిని రాలేదు, ఈ వ్రాత చూచుటకే వచ్చితిమని చెప్పితిమి. ఆమె నవ్వి, “రుద్రమ్మ రాయి. రాణి పోయినంక ఆమె బంటు చెక్కిపిచ్చిండంట. తిన్న ఉప్పు మర్వలే వాడు” అని పలికి తన దారిని దాను బోయెను.

ఆ ముసలమ్మ చెప్పిన మాటయే మాకు శాసనసారముగా దోచినది. రాజులు తమ విజయములను తామే చెక్కించుకొన్న శాసనములు దేశమున వేలకొలది గలవు. వానిలోని బిరుదములను జదివి మనము నమ్మవచ్చును, నమ్మకపోవచ్చును. చందుపట్ల రాయి యట్టిది కాదు. దీనిని రాణి వేయింపలేదు. రాణి మరణించినపిమ్మట, మెచ్చుకొనుటకు ఆమె లేనప్పుడు, ఒక బంటు వేయించెను. నడిపించినవారినిగూర్చి నడచినవాడు చెప్పిన సాక్ష్య మిది. నాయకత్వమున కింతకంటె గట్టి కొలత యేమున్నది?

రుద్రమదేవి ఈ విద్యను పుట్టుకతో దెచ్చుకొన్నదా? గణపతిదేవునికి పుత్రసంతానము లేదు. కావున ఆయన కూతురిని రాజ్యమునకు సిద్ధముచేసెను. శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజను పురుషనామముతో గానవచ్చును. తండ్రి జీవించియుండగనే ఆయనతోగూడి పాలనభారము మోసి, రాచకార్యమును, దండును, కోటకాపును దగ్గఱనుండి చూచి నేర్చినది. ఇప్పటి మాటలలో జెప్పవలెనన్న, ఆమె కొన్నియేండ్లపాటు శిక్షణ పొందినది. ఈ సంగతి విని మా బాలిక, “అయితే పెద్దమ్మా, ఆమెకును పాఠములు జరిగినవన్నమాట” అనెను. మా చెల్లెలు వెంటనే, “ఆమె రాజుగారి బిడ్డ. మనము రాజులమా?” అనెను.

ఆ మాటయు న్యాయమే. రాచబిడ్డ కథ సామాన్యగృహములకు ప్రమాణము కాదు. కాని ఈ నేలపైననే, ఏడువందల యేండ్ల కించుమించుగా దగ్గఱపడు కాలమునకు, రాచబిడ్డలు కాని స్త్రీలు దళములను నడిపిరి. చందుపట్లనుండి మఱల పెద్దబాటకు వచ్చి, కేతేపల్లి మీదుగా మూసీనది దాటి సూర్యాపేటవైపు బోవుచు మేము వారి కథను మా వారికి జెప్పితిమి.

నిజాము రాజ్యమున వెట్టిచాకిరి పల్లెలను పీల్చుచుండిన దినములవి. దొరల గడీలలో స్త్రీలు వడ్లు దంచి, నీళ్లు మోసి, కూలిలేక పనిచేయుచుండిరి. 1946 జూలైలో కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండు దెబ్బకు మరణించుటతో రైతుల యలజడి సాయుధపోరాటముగా మారెను. సూర్యాపేట ప్రాంతములోని కరివిరాల కొత్తగూడెమున 1931లో జన్మించిన మల్లు స్వరాజ్యముగారు అప్పటికి పదునైదేండ్ల ప్రాయము గల బాలిక. భూస్వాముల యింట బుట్టియు వెట్టివారి పక్షము వహించి, ఊరూర పాటలు పాడి స్త్రీలను కూడగట్టి, పిమ్మట అడవులలో గెరిల్లా దళములకు నాయకురాలైనది. ఆమెను బట్టియిచ్చినవారికి పదివేల రూపాయల బహుమాన మిత్తుమని నిజాము ప్రభుత్వము ప్రకటించెను. ఆలేరు ప్రాంతపు ఆరుట్ల కమలాదేవిగారును ఆ పోరాటముననే ఆయుధము పట్టి, స్త్రీలకు శిక్షణ నిచ్చి దళము నడిపిరి. పిమ్మట ఈ యిరువురును శాసనసభ్యులై ప్రజాసేవ చేసిరి. స్వరాజ్యముగారు 2022 మార్చి 19న పరమపదించిరి.

వీరి రాజకీయమును అందఱు నంగీకరింపనక్కఱలేదు. ఆ పోరాటమున రక్తము చిందినది. ఉభయపక్షముల యిండ్లలోను కన్నీరు గాఱినది. మేము చెప్పదలచిన దొక్కటియే. గడపదాటని స్త్రీలు అవసరము వచ్చినప్పుడు దారి తెలిసికొనుట, వార్త చేర్చుట, గాయపడినవారిని మోయుట, పహరా కాయుట, పదిమందిని నడుపుట నేర్చిరి. వారికి గురువు అవసరమే, బడి అడవియే.

కాని 1951 అక్టోబరున పోరాటము విరమింపబడినపిమ్మట ఏమైనది? ఈ స్త్రీలలో పెక్కండ్రు ఇంటికి బొమ్మనిపించుకొనిరి. నేర్చిన విద్యకు గుఱుతుగా వారిచేత ఒక కాగితపుముక్కయైన లేదు. వారి మాటలను స్త్రీశక్తి సంఘటనవారు సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ యను పేర 1986లో ప్రకటించువఱకు, ముప్పదియైదేండ్లపాటు వారి యనుభవము పొయ్యిప్రక్కనే చల్లారినది. రుద్రమదేవికి ఒక బంటు రాయి వేయించెను. వీరికి రాయియు లేకపోయెను. విద్య నేర్చుట యెంత ముఖ్యమో, అది విద్యగా వ్రాతలోనికి ఎక్కుటయు నంత ముఖ్యము.

ఈ యాలోచనతోనే మేము మా బాలిక కోరిన ఉపపాఠ్యమును చూచుచున్నాము. దాని చరిత్ర కొంత తెలిసికొనదగినది. 1917లో ఆంగ్లప్రభుత్వము విశ్వవిద్యాలయములలో విద్యార్థి దళము నేర్పరచినది. 1942లో అది అధికారశిక్షణ దళమైనది. స్వాతంత్ర్యమునకు ముందు 1946లో హృదయనాథ కుంజ్రూగారి యధ్యక్షతను నియమింపబడిన సంఘము సూచించిన ప్రకారము, 1948 నాటి చట్టముచే ఎన్.సి.సి. యేర్పడెను. మఱుసటి యేడు, అనగా 1949లోనే, బాలికల విభాగము మొదలిడిరి. కాబట్టి ఇది నిన్న మొన్నటి వింత గాదు. కాని చిరకాలము ఆ శిక్షణ చదువునకు వెలుపలనే యుండెను. సాయంకాలపు కవాతు, సెలవుదినపు శిబిరముగా మాత్రమే. 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము దానిని ఎన్నుకొనదగిన పాఠ్యాంశముగా జేర్చుడని విశ్వవిద్యాలయములకు వ్రాసెను. ఆ ప్రణాళికలో ఆఱు సెమిస్టరులకు మొత్తము 24 క్రెడిట్లు గలవు. అందుచే కవాతుచేసిన బాలిక శ్రమ మార్కులపట్టికలో అక్షరములై నిలుచును.

ఆ చదువులో నేమి యున్నదని చెల్లె లడుగగా, మూసీ వంతెన దాటినపిమ్మట ఒక వేపచెట్టునీడను గూర్చుండి బాలికయే చెప్పెను. కవాతు, ఆయుధముల పరిచయము, చిన్న తుపాకితో గుఱి మొదలగునవి యందఱికి దెలిసినవే. అవి గాక పటము చదువుట గలదు. నేలను ఆసరాగొని నడచుట గలదు. ఆపదలలో సహాయము, ప్రథమచికిత్స, ఆరోగ్యశుభ్రతలు గలవు. దేశపు సరిహద్దులు, సముద్రతీరములనుగూర్చిన పాఠములు గలవు. మాట్లాడు నేర్పు, నిర్ణయము చేయు నేర్పు, నాయకత్వము గలవు.

“పటము చదువుట యనగా నేమి? ఊళ్ల పేరులు చూచుటయేగా?” అని చెల్లె లడిగెను. బాలిక పుల్లతో నేలపై గీతలు గీచి చూపెను. సైనికులు వాడు పటములలో తఱచుగా రెండు సెంటీమీటరులు ఒక కిలోమీటరునకు సమానము. ఎత్తైన చోటులను చుట్టుగీతలతో జూపుదురు. ఒక్కొక్క గీత ఒక్కొక్క యెత్తు. గీతలు దగ్గఱదగ్గఱగా నున్నచో ఎక్కుట కష్టము. ఎడమెడముగా నున్నచో వాలు మెల్లనిది. “అమ్మా, అదిగో ఆ గుట్ట చూడుము. ఈ ప్రక్క గీతలు ఒకదానినొకటి తాకుచుండును. ఆ ప్రక్క విడివిడిగా నుండును. పదిమందిని, అందులో నొక గాయపడిన దానిని దీసికొని నీవు దాటవలెనన్న నే ప్రక్కనుండి పోదువు?” అని యడిగెను. మా చెల్లెలు గుట్టను కొంతసేపు చూచి, “గాయపడిన పిల్ల యున్నప్పుడు దూరమైనను ఆ మెల్లని ప్రక్కనుండియే పోవలెను. నడుమ నీ ళ్లెచ్చట దొరకునో ముందు చూచుకొనవలెను” అనెను. బాలిక చప్పట్లు గొట్టి, “ఇదియే పెద్దమ్మా మా పాఠము!” అనెను. చెల్లెలు నవ్వాపుకొనలేకపోయెను.

నిజముగా ఆ పాఠమున కది సారమే. సేనలో మిక్కిలి చిన్న దళమగు సెక్షనులో పదిమంది యుందురు. ఆ పదిమంది భారము నెవ్వరు వహింతురో వారికి దారి, నీరు, తిండి, విశ్రాంతి, చీకటి, వర్షము అన్నియు లెక్కలోనివే. 1932లో స్థాపింపబడిన డెహ్రాడూను సైనిక విద్యాలయమున అధికారులకు బోధించు ధర్మ మిట్టిది: దేశపు క్షేమగౌరవములు మొదటివి, తన క్రింది సైనికుల క్షేమము రెండవది, తన సుఖము కడపటిది. దీనిని విన్న మన గృహిణులకు క్రొత్త తోచకపోవచ్చును. అందఱికి వడ్డించి కడపట గిన్నె యడుగు దినువారు మన తల్లులే గదా! కాని యొక భేదము గలదు. సేనాధికారి కడపట దినును గాని, ఏది వండవలెను, ఎంత వండవలెను, ఎచ్చట విడియవలెనను నిర్ణయము మొదట తానే చేయును. మన యిండ్లలో కడపటి ముద్ద తల్లిది; మొదటి మాట మాత్రము తఱచుగా మఱియొకరిది. మోయుట మనకు దెలియును. నిర్ణయించి, ఆ నిర్ణయమునకు బాధ్యత వహించుట మన బాలికలకు నేర్పలేదు. ఈ చదువువలన నాకు ప్రధానలాభముగా దోచునదేమని మా చెల్లె లడిగినచో మేమీ మాటయే చెప్పుదుము, చెప్పితిమి.

పరదేశములందును ఇట్టి చదువు గలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1916 నాటి చట్టముచే విశ్వవిద్యాలయములలో అధికారశిక్షణ దళ మేర్పడెను. అచ్చటి పెక్కు కళాశాలలలో వ్యాపారశాస్త్రమో యంత్రశాస్త్రమో ముఖ్యముగా జదువు విద్యార్థి సైనిక నాయకత్వమును ఉపపాఠ్యముగా గైకొనవచ్చును. స్త్రీలకు ఆ దళమున ప్రవేశము 1970 తరువాతి సంవత్సరములలో గలిగెను. మన దేశమున బాలికల విభాగ మంతకు ముందే యేర్పడినదని చెప్పుకొనుటకు సంతోషమే గాని, సేనలో అధికారిపదవి ద్వారము మాత్రము మన స్త్రీలకు మెల్లగనే తెఱచుకొన్నది.

వైద్య, పరిచర్య శాఖలు గాక ఇతర శాఖలలో స్త్రీలను అధికారులుగా 1992నుండి చేర్చుకొనుచున్నారు. వారికి శాశ్వతమైన కొలువు ఈయవలెనని సుప్రీముకోర్టు 2020 ఫిబ్రవరిలో తీర్పు చెప్పెను. జాతీయ రక్షణ విద్యాలయపు ప్రవేశపరీక్షకు బాలికలను గూర్చుండనీయవలెనని అదే కోర్టు 2021లో ఆదేశించెను. 2022లో చేరిన మొదటి బాలికల జట్టునుండి పదునేడుగురు 2025 మే నెలలో శిక్షణ ముగించి బయటికి వచ్చిరి. మన ప్రాంతమునకు వచ్చినచో, పూర్వము నల్లగొండ జిల్లాలో భాగమైన భువనగిరిలో, సైన్యమున జేరగోరు బాలికలకై తెలంగాణ సాంఘికసంక్షేమ గురుకుల సంస్థవారు 2018లో ఒక డిగ్రీ కళాశాలను నెలకొల్పిరి. డిగ్రీ చదువుతోపాటు దేహశిక్షణయు సైనికశిక్షణయు నిచ్చు ఆ ప్రయత్నము పేదయిండ్ల బాలికల నుద్దేశించినది. రాచబిడ్డకు తండ్రి నేర్పిన విద్య కూలివారి బిడ్డకు ప్రభుత్వము నేర్పుట మొదలిడినదన్నమాట.

అయినను ఆశలను హెచ్చించి చెప్పుట మాకిష్టము లేదు. ఈ ఉపపాఠ్యము జదివినంతనే ఎవ్వరికిని అధికారిపదవి రాదు. మూడవయేట ‘సి’ ధ్రువపత్రమును మంచి శ్రేణిలో పొంది, డిగ్రీలో నూటి కేబదియైన మార్కులు దెచ్చుకొన్నవారికి వ్రాతపరీక్ష లేకుండ నేరుగా ఎంపిక సంఘము నెదుటికి బోవు నొక మార్గము గలదు. అది అవివాహితులకు. అచ్చట అయిదు దినములపాటు బుద్ధిని, నడవడిని, తోడివారితో గలసి పనిచేయు తీరును పరీక్షింతురు. అందు నెగ్గి వైద్యపరీక్షయు దాటినవారు చెన్నైలోని శిక్షణాలయమునకు బోవుదురు. పోయినవారికంటె వెనుకకు వచ్చినవారే యెక్కువ. కాని వెనుకకు వచ్చిన బాలిక యేమియు గోలుపోదు. ఎన్.సి.సి.లో నున్నవారు సైన్యమున జేరియే తీరవలెనను నిర్బంధము చట్టములో లేదు. ఆమె వృక్షశాస్త్రము ఆమెకు నుండనే యున్నది.

యుద్ధవిద్య నేర్చిన బాలిక మనసు కఠినమగునని కొందఱు తల్లులు శంకింతురు. 2020లో మహమ్మారి వ్యాపించినప్పుడు ఈ దళపు విద్యార్థులు దేశమున పలుచోటుల ఆహారము పంచుటలోను, వరుసలు నిలుపుటలోను, సామగ్రి చేరవేయుటలోను సహాయము చేసిరి. వరద వచ్చినప్పుడు, బస్సు బోల్తాపడినప్పుడు, పెండ్లిపందిట నిప్పంటుకొన్నప్పుడు మనలో ననేకులు గుమిగూడి రోదింతుము. “నీవు నీళ్లు తెమ్ము, నీవు పిల్లలను దూరముగా గొనిపొమ్ము, నీవు వైద్యునికి ఫోను చేయుము” అని చెప్పగల కంఠము ఒక్కటియుండిన ప్రాణములు నిలుచును. ఆ కంఠము ఆడుదియైన దోషమేమి?

ఆ సాయంకాలము మా చెల్లెలు కూతురితో, “నేర్చుకొనుము. కాని శిబిరములో రాత్రులు మీకు తోడుగా ఆడు అధికారి యెవరైన నుందురా, ముందు కనుగొనుము” అనెను. తల్లి వేసిన యీ ప్రశ్న చిన్నది గాదు. ఇట్టి కోరిక గల బాలికల తల్లు లందఱును కళాశాలలో విచారింపదగిన సంగతులను మేమిచ్చట గూర్చి చెప్పుచున్నాము.

మొదటిది, ఆ కళాశాలలో బాలికలకు దళము గలదా? దళము లేనిచోట ఈ చదువును కోరి లాభము లేదు. రెండవది, ఆ విశ్వవిద్యాలయము దీనిని క్రెడిట్లుగల పాఠ్యాంశముగా నంగీకరించినదా, లేక పూర్వమువలె వెలుపలి పనిగానే యుంచినదా? పట్టికలో నెక్కని శ్రమను కొన్నాళ్లకు అందఱు మఱచిపోవుదురు. మూడవది, బాలికలకు శిక్షణ నిచ్చు స్త్రీ లెవరైన గలరా? శిబిరములలో బస, స్నానపు గదులు, రాత్రి కాపు ఏ విధముగా నున్నవి? నాలుగవది, కవాతుదినములలో బాలికకు కావలసిన తిండి యింట దొరకునా? అన్నముతోపాటు పప్పు, గ్రుడ్డో పాలో, ఆకుకూరయు లేనిచో ఎండలో నిలువలేదు. రక్తహీనత మన బాలికలలో మిక్కిలి తఱచు. దానిని ముందుగా పరీక్షింపించి చికిత్స చేయింపవలెను. అయిదవది, నెలసరి దినములలో విశ్రాంతి యడుగుటకు సిగ్గుపడవలదని తల్లియే బిడ్డకు జెప్పవలెను. తన శరీరమును గూర్చి సూటిగా మాట్లాడలేనిది పదిమంది క్షేమమును గూర్చి యెట్లు మాట్లాడగలదు?

ఈ ప్రశ్నలకు సరియైన బదుళ్లు దొరకినచో తల్లులు అడ్డుపడవలదని మా మనవి. దొరకనిచో మఱల మఱల అడుగుడు; నలుగురు తల్లులు గలసి ప్రిన్సిపాలుగారి గదికి బోయి యడుగుడు. అట్లు పోవునప్పుడు మీలో నెవరు ముందు మాట్లాడవలెనో, ఎవరు కాగితము చేతబట్టవలెనో, ఎవరు తుదివఱకు నిలువవలెనో మీరే నిర్ణయించుకొందురు. ఆ విద్యలో మొదటి పాఠము బిడ్డకంటె ముందు మీకే వచ్చును.

నకిరేకల్లుమీదుగా బోవు సోదరీమణులు ఒకపూట తీరిక చేసికొని చందుపట్లకు బోయి ఆ శాసనమును జూడవలెను. వెంట ఆడుబిడ్డ యున్నచో తప్పక తీసికొనిపోవలెను. శాసనములోని పాతలిపి చదువ రాకపోయినను చింతలేదు. అందున్న మూడు పేరులను, అనగా నడిపించిన రాణిని, ఆమెతో బోయిన సేనానిని, వారిని మఱవని బంటును, బిడ్డకు జెప్పి, నీవు వీరిలో నెవరివలె నుండగోరెదవని యడుగుడు. ఏ పేరు చెప్పినను సిగ్గుపడవలసిన పని లేదు.